రొమ్ము తొలగించాక పునర్నిర్మాణం: ఏ దారి ఎవరికి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగినవి కావడంతో, శీర్షిక మొత్తాన్నీ రొమ్ము పునర్నిర్మాణానికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 46. ఎడమ రొమ్ములో క్యాన్సర్ ఉన్నట్టు బయాప్సీలో తేలింది. గడ్డలు ఒకటికి మించి ఉండటంతో రొమ్ము మొత్తం తీసివేయక తప్పదని సర్జన్ గారు చెప్పారు. అదే ఆపరేషన్‌లో పునర్నిర్మాణం కూడా మొదలుపెట్టవచ్చనీ, చర్మం కింద అమర్చే కృత్రిమ ఇంప్లాంట్ కావాలో, పొట్ట దగ్గరి కొవ్వుతో చేయించుకుంటానో ఆలోచించుకొని వారం పది రోజుల్లో చెప్పమనీ అన్నారు. రేడియేషన్ అవసరమో కాదో ఆపరేషన్ అయ్యాక గానీ తెలియదట. నాకు షుగరు లేదు. ఇద్దరు పిల్లలూ సిజేరియన్‌తో పుట్టినవారే. జబ్బు మాట విన్న దిగులు నుంచే ఇంకా తేరుకోలేదు, ఇంతలో ఇదొకటి. పైగా, పునర్నిర్మాణం చేయించుకుంటే క్యాన్సర్ తిరగబెట్టినా బయటపడదని తెలిసినవారొకరు భయపెట్టారు. ఏది మంచిదో మీరే చెప్పండి.

జవాబు: అమ్మా, ముందుగా ఆ భయపెట్టినవారి మాటను పక్కన పెట్టండి. పునర్నిర్మాణం వల్ల క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం పెరగదు. రొమ్ము తీసిన చోట వ్యాధి మళ్ళీ తలెత్తినా, అది ఎక్కువగా చర్మంలోనో, చర్మం కిందనో చిన్న గడ్డగా కనిపిస్తుంది. ఇంప్లాంట్ గానీ, పొట్ట నుంచి తెచ్చిన కొవ్వు గానీ ఉండేది దానికి లోపలివైపు కనుక, చేత్తో తడిమి చూసే డాక్టరుకు ఆ గడ్డ తగలకుండా పోదు. లోతుగా వచ్చే అరుదైనవాటిని పట్టుకోవడానికి స్కానింగులు ఉన్నాయి.

ఇక నా అభిప్రాయం అడిగారు. దాచకుండా చెబుతాను గానీ, దానికి ముందు మీ ప్రశ్నల వరుస కాస్త మారాలి. ఇంప్లాంటా, పొట్ట కొవ్వా అన్నది నిజానికి మూడో ప్రశ్న. రేడియేషన్ పడే అవకాశం ఎంత అన్నది మొదటిది. పునర్నిర్మాణం అసలు కావాలా, కావాలంటే ఇప్పుడా, తర్వాతా అన్నది రెండోది. చాలామంది మూడో ప్రశ్నతో మొదలుపెట్టి, ఫోటోలన్నీ చూసి, మనసులో ఒకటి ఖాయం చేసుకున్నాక రేడియేషన్ మాట విని మళ్ళీ మొదటికి వస్తారు.

రేడియేషన్‌కు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, అది క్యాన్సర్ కణాలతో పాటు ఆ చోటి చర్మాన్నీ, కండరాన్నీ, సన్నని రక్తనాళాలనూ కొంత దెబ్బతీస్తుంది. ఇంప్లాంట్ చుట్టూ శరీరం సహజంగానే ఒక పలుచని పొరను ఏర్పరచుకుంటుంది. రేడియేషన్ పడినవారిలో చాలాసార్లు ఆ పొర మందమై, బిగుసుకుని, ఇంప్లాంట్‌ను నొక్కుతుంది. అప్పుడు రొమ్ము గట్టిగా, పైకి లాగినట్టుగా తయారవుతుంది, కొందరిలో నొప్పి కూడా పుడుతుంది. గాయం సరిగా మానకపోవడం, ఇన్‌ఫెక్షన్ సోకి ఇంప్లాంట్‌ను తీసివేయవలసి రావడం కూడా వీరిలోనే ఎక్కువ. పొట్ట కొవ్వు లాంటి సొంత కణజాలం రేడియేషన్‌ను ఇంతకంటే మెరుగ్గా తట్టుకుంటుంది గానీ, దానికీ కొంత కుంచించుకుపోవడం, గట్టిపడటం తప్పకపోవచ్చు. అందువల్లనే రేడియేషన్ ఖాయమని తెలిసినప్పుడు, అది ముగిసి ఆరు నెలల నుంచి ఏడాది గడిచాక పొట్ట కణజాలంతో రొమ్ము చేయడానికి చాలామంది సర్జన్లు మొగ్గు చూపుతారు.

కాబట్టి మీ సర్జన్‌ని ముందుగా ఇది అడగండి: క్యాన్సర్ పాకితే ముందుగా చేరే, చంకలోని తొలి లింఫు గ్రంథులను రొమ్ము తీయడానికి ముందే విడిగా పరీక్షించి, రేడియేషన్ సంగతి కొంతవరకైనా తేల్చే వీలుందా? అందరికీ ఇది కుదరదు. కుదరనప్పుడు మధ్యేమార్గం ఒకటుంది. రొమ్ము తీసేటప్పుడే చర్మాన్ని వీలైనంత మిగిల్చి, దాని కింద ఎక్స్‌పాండర్ అనే సాగే సంచిని అమరుస్తారు. రిపోర్టు వచ్చి రేడియేషన్ అక్కర్లేదంటే అక్కడి నుంచి ఏ పద్ధతికైనా మారవచ్చు. అవసరమంటే సంచి ఉండగానే రేడియేషన్ పూర్తి చేసి, తర్వాతి సంగతి తాపీగా నిర్ణయించుకోవచ్చు.

ఆ సంచిని నింపే పద్ధతి తెలిస్తే సగం బెరుకు పోతుంది. సాధారణంగా సంచికి ఒక పక్క లోహంతో చేసిన చిన్న ద్వారం ఉంటుంది. చర్మం పైనుంచి ఒక అయస్కాంతాన్ని ఆడించి అది ఎక్కడుందో కనిపెట్టి, పెన్నుతో గుర్తు పెట్టి, సన్నని సూదితో 50 మి.లీ. అటూఇటుగా సెలైన్ ఎక్కిస్తారు. అక్కడ చర్మానికి స్పర్శ తగ్గి ఉంటుంది కనుక సూది నొప్పి పెద్దగా తెలియదు. ఆ రాత్రీ మర్నాడూ మాత్రం ఛాతీకి పట్టీ బిగించి కట్టినట్టు ఉంటుంది. వారానికో రెండు వారాలకో ఒకసారి ఇలా నింపుతూ అనుకున్న పరిమాణానికి వచ్చాక, మరో చిన్న ఆపరేషన్‌తో సంచిని తీసి ఇంప్లాంట్ పెడతారు. సంచి లోపల ఉన్నన్నాళ్ళూ ఎంఆర్ఐ స్కాన్ ఎవరు రాసినా ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే చాలా రకాల ఎక్స్‌పాండర్లలో ఉండే ఆ ద్వారంలో అయస్కాంతం ఉంటుంది.

ఇంప్లాంట్ పద్ధతికి ఆపరేషన్ సమయం తక్కువ, ఆస్పత్రిలో ఉండవలసిన రోజులు తక్కువ, శరీరంలో మరోచోట గాటు ఉండదు. అయితే ఏ ఇంప్లాంటూ జీవితాంతం ఉంటుందన్న హామీ లేదు. పొర బిగుసుకోవడం వల్లనో, చిరగడం వల్లనో, రెండో రొమ్ము వయసుతో పాటు జారుతుంటే ఇది కదలకుండా ఉన్నచోటే ఉండిపోవడం వల్లనో, ముందు ముందు ఇంకో ఆపరేషన్ అవసరం కావచ్చు. 46 ఏళ్ళ వయసులో ఉన్నవారు ఈ లెక్క తప్పక వేసుకోవాలి.

పొట్ట కొవ్వు పద్ధతిలో బొడ్డు కింది చర్మాన్నీ కొవ్వునూ వాటికి రక్తం అందించే నాళాలతో సహా తీసి, ఛాతీలో పక్కటెముకల దగ్గరి నాళాలకు మైక్రోస్కోపు కింద కలుపుతారు. ఆ నాళాల వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు. కుట్టే దారం తలవెంట్రుక కన్నా సన్నం. 1982లో అమెరికా సర్జన్ హార్ట్‌రాంఫ్ ప్రచారంలోకి తెచ్చిన ట్రామ్ ఫ్లాప్ అనే పద్ధతిలో పొట్ట కండరాన్ని కూడా తీసేవారు కనుక పొట్ట గోడ బలహీనపడటం, హెర్నియా రావడం వంటి చిక్కులు ఉండేవి. కండరాన్ని ఉన్నచోటే వదిలి, నాళాలను మాత్రం విడదీసే డీప్ ఫ్లాప్‌ను జపాన్‌లో కోషిమా 1989లో వర్ణించారు, 1994లో అమెరికా సర్జన్ అలెన్ దాన్ని రొమ్ము పునర్నిర్మాణానికి వాడిన అనుభవాన్ని ప్రచురించారు. ‘పొట్టతో చేస్తాం’ అని చెప్పే సర్జన్‌ని, కండరం తీస్తారా, మిగులుస్తారా అని సూటిగా అడగండి. ఆ అడగడంలో మొహమాటం ఏమీ అక్కర్లేదు.

ఒక వైపుకే ఆరు నుంచి ఎనిమిది గంటలు పట్టే ఆపరేషన్ ఇది. మొదటి రాత్రి మీకు నిద్ర ఉండదని ముందే తెలుసుకోవడం మంచిది. నర్సు గంట గంటకూ వచ్చి కొత్త రొమ్ము మీది చర్మం రంగు చూస్తారు, వేలితో నొక్కి వదిలి రంగు ఎంత వేగంగా తిరిగి వస్తోందో గమనిస్తారు, వెచ్చగా ఉందో లేదో తాకి చూస్తారు, పెన్నులాంటి డాప్లర్‌ను ఆనించి లోపల రక్తం ప్రవహించే చప్పుడు వింటారు. చర్మం నీలంగా మారితే సిర మూసుకుపోతోందనీ, పాలిపోయి చల్లబడితే ధమనిలో అడ్డు ఏర్పడిందనీ అనుమానించి వెంటనే తిరిగి థియేటరుకు తీసుకువెళతారు. ఇంత కాపలా కాసినా కణజాలం పూర్తిగా చచ్చిపోయే అవకాశం కొద్దిగా ఉంటుంది. అనుభవమున్న చోట్ల ఇది నూటికి ఐదుగురి లోపే. సిజేరియన్ గాటు సాధారణంగా ఈ ఆపరేషన్‌కు అడ్డు కాదు, సీటీ యాంజియోగ్రామ్ తీసి నాళాలు ఎలా ఉన్నాయో ముందే చూసుకుంటారు. పొట్ట తగ్గించే టమ్మీ టక్ ఆపరేషన్ చేయించుకున్నవారికి మాత్రం ఇది కుదరదు. ఒక సంగతి మరచిపోకండి: పొట్ట కణజాలాన్ని ఒక్కసారే వాడుకోగలం. తర్వాత రెండో రొమ్ముకు అవసరమైతే మరో చోటు వెతుక్కోవాలి.

దీని లాభం దీర్ఘకాలంలో తెలుస్తుంది. మెత్తగా, వెచ్చగా ఉంటుంది, మీరు లావైతే అదీ లావవుతుంది. అమెరికా, కెనడాల్లోని 11 కేంద్రాల్లో రెండు వేల మందికి పైగా స్త్రీలను రెండేళ్ళ పాటు గమనించి 2018లో ప్రచురించిన ఫలితాల్లో, సొంత కణజాలంతో చేయించుకున్నవారే తమ రొమ్ము పట్ల ఎక్కువ తృప్తి వ్యక్తం చేశారు. ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు ఎక్కువగా వచ్చిందీ వారికే. రెండు పద్ధతులనూ కలిపి చూస్తే మూడింట ఒక వంతు మందికి చిన్నదో పెద్దదో ఏదో ఒక ఇబ్బంది ఎదురైంది.

మీ వయసునూ, ఆరోగ్యాన్నీ, ఇంకా తేలని రేడియేషన్‌నూ కలిపి చూస్తే, ఇప్పటికి ఎక్స్‌పాండర్‌తో చోటు కాపాడుకొని, రిపోర్టు వచ్చాక మిగతాది తేల్చుకోవడం మేలని నాకు అనిపిస్తోంది. రేడియేషన్ పడితే పొట్ట కణజాలం వైపే మొగ్గుతాను. పడకపోతే రెండూ మీకు తెరిచి ఉన్న దారులే. పొట్ట ఆపరేషన్ తర్వాత నెలన్నర, రెండు నెలలు బరువు పనులు మానుకోగలిగిన వెసులుబాటు మీ ఇంట్లో ఉందా అన్నదే అప్పుడు తూకం. మిమ్మల్ని ప్రత్యక్షంగా చూసి, రిపోర్టులు చదివిన సర్జన్ మరోలా చెబితే ఆయన కారణాలు విని ముందుకు సాగండి. నిర్ణయానికి ఎన్ని రోజుల వ్యవధి ఉందో కూడా ఆయన్నే అడగండి. సాధారణంగా కొద్ది వారాలు ఆగినా చికిత్సకు నష్టం ఉండదు.

ప్రశ్న: రొమ్ము తీసిన తర్వాత నాకు సిలికాన్ ఇంప్లాంట్ పెట్టి చాలా ఏళ్ళయింది. ఇప్పటి వరకు ఏ బాధా లేదు. ఇంప్లాంట్ల వల్ల వేరే రకం క్యాన్సర్ వస్తుందని ఈమధ్యే చదివి నిద్ర పట్టడం లేదు. ముందుజాగ్రత్తగా తీయించేసుకోవాలా?

జవాబు: మీరు చదివింది అబద్ధం కాదు, అయితే అది అందరికీ వర్తించే విషయం కాదు. అది రొమ్ము క్యాన్సర్ కాదు, ఇంప్లాంట్ చుట్టూ ఉండే పొరలో పుట్టే అరుదైన లింఫోమా, అంటే రోగనిరోధక కణాల క్యాన్సర్. ఉపరితలం గరుకుగా ఉండే ఇంప్లాంట్లతోనే దీనికి ప్రధానంగా సంబంధం కనిపించింది. అందుకే 2019 జులైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కోరిక మేరకు అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. అప్పుడు కూడా, ఏ లక్షణమూ లేనివారు వాటిని తీయించుకోవాలని ఎఫ్‌డీఏ సూచించలేదు.

ఆపరేషన్ అప్పుడు మీకు ఇచ్చిన ఇంప్లాంట్ కార్డు వెతికి పట్టుకోండి. కంపెనీ, రకం, ఉపరితలం ఏమిటో అందులో ఉంటాయి. కార్డు పోతే ఆపరేషన్ రికార్డు నకలు అడిగి తీసుకోండి. ఎన్నో ఏళ్ళు ఏ బాధా లేకుండా ఉండి, ఉన్నట్టుండి ఆ వైపు రొమ్ము ఉబ్బితే, గడ్డ తగిలితే, నొప్పి పుడితే మాత్రం ఆలస్యం చేయవద్దు. అల్ట్రాసౌండ్ తీసి, ఇంప్లాంట్ చుట్టూ చేరిన నీటిని సూదితో లాగి పరీక్షకు పంపుతారు. తొలిదశలో పట్టుకుంటే ఇంప్లాంట్‌నూ దాని పొరనూ పూర్తిగా తీసివేయడంతోనే చాలామందికి నయమవుతుంది.

లక్షణాలు లేకపోయినా సిలికాన్ ఇంప్లాంట్ లోలోపల చిరిగిందేమో చూసుకోవడం మంచిది, ఎందుకంటే ఆ చిరుగు పైకి తెలియకపోవచ్చు. ఆపరేషన్ అయిన ఐదారేళ్ళకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్ళకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ తీయించుకోమన్నది ఎఫ్‌డీఏ సలహా. మీరు ఇప్పటి వరకు ఒక్కసారీ తీయించుకోకపోతే, ముందు చేయవలసింది అదే.

ప్రశ్న: నా వయసు 61. వచ్చే నెల కుడి రొమ్ము తీసివేస్తున్నారు. నాకు పునర్నిర్మాణం మీద ఏమాత్రం ఇష్టం లేదు, ఒక్క ఆపరేషన్‌తో ముగిస్తే చాలనిపిస్తోంది. కానీ మా అమ్మాయీ కోడలూ, ఇప్పుడు వద్దంటే తర్వాత బాధపడతావని పట్టుబడుతున్నారు. నేను తప్పు చేస్తున్నానా?

జవాబు: లేదమ్మా. పునర్నిర్మాణం చేయించుకోకపోవడం కూడా పూర్తి స్థాయి నిర్ణయమే, దానికి మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. మీ అమ్మాయిదీ కోడలిదీ ప్రేమే, అయితే వారికి తెలియని సంగతి ఒకటుంది. ఇప్పుడు వద్దనుకున్నవారు రెండేళ్ళకో పదేళ్ళకో మనసు మార్చుకుంటే అప్పుడు కూడా చేయించుకోవచ్చు. ఆ మాట వారికి చెప్పండి, పట్టుదల సడలుతుంది.

మీరు జాగ్రత్త పడవలసింది మరో చోట. కొందరు సర్జన్లు, రోగి తర్వాత మనసు మార్చుకుంటుందేమోనన్న ఉద్దేశంతో అదనపు చర్మాన్ని వదిలి కుట్టేస్తారు. అది మడతలు పడి, చంక దగ్గర ముద్దలా మిగిలి, బట్టలు వేసుకున్నా ఒరుసుకుంటుంది. ఛాతీ చదునుగా, మడతలు లేకుండా కుట్టడం అన్నది కూడా నైపుణ్యం కావలసిన పనే. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2020లో ఈ పద్ధతిని తన వైద్య నిఘంటువులో ప్రత్యేకంగా చేర్చింది. మీకు కావలసింది ఇదేనని సర్జన్‌కు నోటితో చెప్పడమే కాదు, కేస్ షీటులో రాయించండి. గాటు ఏ దిశలో వస్తుందో, చంక దగ్గర ఎలా ముగుస్తుందో బొమ్మ గీసి చూపించమనండి.

బయట పెట్టుకునే కృత్రిమ రొమ్ము గురించి కూడా ఒక మాట. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు, గాయం పూర్తిగా మానేదాకా, దూదితోనో స్పాంజితోనో చేసిన తేలికపాటిది వాడాలి. తర్వాత సిలికాన్‌ది కొలత ఇచ్చి తీసుకోవచ్చు. జేబు కుట్టిన ప్రత్యేకమైన బ్రాలో అది కదలకుండా కూర్చుంటుంది. రెండో రొమ్ము పెద్దదైతే బరువు ఒక పక్కకే పడి మెడ, భుజం లాగుతాయి కనుక అలాంటివారికి ఇది అందం కోసమే కాదు, నడుం నిటారుగా ఉండటానికీ పనికొస్తుంది. అదీ ఇష్టం లేకపోతే మానేయవచ్చు.

ప్రశ్న: రొమ్ము తీసి నాలుగేళ్ళయింది. కీమో, రేడియేషన్ రెండూ ఇచ్చారు. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ మాత్రలు ఇప్పటికీ వేసుకుంటున్నాను. షుగరు ఉంది. ఇప్పుడు పునర్నిర్మాణం చేయించుకోవచ్చా? చేయించుకుంటే మునుపటిలా ఉంటుందా?

జవాబు: చేయించుకోవచ్చు. రేడియేషన్ పడిన చర్మం సరిగా సాగదు కనుక మీకు ఇంప్లాంట్ ఒక్కటే పెట్టడం మంచిది కాదు. పొట్ట నుంచో, తొడ లోపలి వైపు నుంచో, వీపు నుంచో రక్తప్రసారం బాగున్న కొత్త కణజాలాన్ని అక్కడికి తేవాలి. వీపు కండరాన్ని ఛాతీ మీదికి తిప్పే పద్ధతిని ఇటలీ సర్జన్ టాన్సినీ 1906లోనే వివరించారు. పొట్టలో సరిపడా కొవ్వు లేనివారికీ, సుదీర్ఘమైన మైక్రోసర్జరీని తట్టుకోలేనివారికీ అది నేటికీ నమ్మకమైన పద్ధతే. పరిమాణం చాలకపోతే దాని కింద చిన్న ఇంప్లాంట్ కూడా పెడతారు.

షుగరు ఉన్నంత మాత్రాన ఆపరేషన్ వద్దనరు, అదుపులో లేకపోతేనే వద్దంటారు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి, ఎక్కువగా ఉంటే తగ్గాకనే తేదీ అడగండి. ఈ పాఠకురాలికి వర్తించకపోవచ్చు గానీ, చదివే మిగతావారి కోసం చెబుతున్నాను: సిగరెట్ అలవాటున్నవారు కనీసం నాలుగు వారాల ముందు నుంచి పూర్తిగా మానాలి. నికోటిన్ సన్నని నాళాలను ముడుచుకునేలా చేసి, కుట్టిన చర్మాన్ని నల్లబడేలా చేస్తుంది. టామోక్సిఫెన్ రక్తం గడ్డకట్టే అవకాశాన్ని పెంచుతుంది కనుక మైక్రోసర్జరీకి ముందు కొన్ని రోజుల పాటు దాన్ని ఆపించే సర్జన్లు ఉన్నారు. ఎప్పుడు ఆపాలో, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో మీ ఆంకాలజిస్టు, ప్లాస్టిక్ సర్జన్ మాట్లాడుకొని చెప్పాలి. మీ అంతట మీరు ఒక్క మాత్రా మానవద్దు.

మునుపటిలా ఉంటుందా అంటే, బట్టలు వేసుకున్నప్పుడు తేడా కనిపించదనే స్థాయికి తేవచ్చు. అద్దం ముందు గాట్లు కనిపిస్తాయి. స్పర్శ చాలావరకు తిరిగి రాదు. సొంత కణజాలంతో చేసినప్పుడు కొందరికి ఏడాది రెండేళ్ళలో కొంత వస్తుంది, అయితే పాత స్పర్శలా ఉండదు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే వినవలసినది, ఎందుకంటే తర్వాత ఎక్కువమందిని బాధపెట్టేది ఆకారం కన్నా స్పర్శ లేకపోవడమే. వేడి కాపడం పెట్టుకునేటప్పుడు కాలినా తెలియదు కనుక ఆ భాగం మీద వేడి నీళ్ళ సంచి అసలు పెట్టవద్దు.

రెండు వైపులా ఒకేలా రావడానికి రెండో రొమ్మును కొద్దిగా ఎత్తడమో తగ్గించడమో అవసరం కావచ్చు. గుంటలు పడిన చోట వేరే భాగం నుంచి తీసిన కొవ్వును సూదితో ఎక్కిస్తారు. అందులో కొంత భాగం శరీరంలో కరిగిపోతుంది కాబట్టి ఒకటికి రెండుసార్లు చేయవలసి వస్తుంది. చనుమొన చివరి దశ. రొమ్ము వాపు పూర్తిగా తగ్గి కుదురుకున్నాక, అంటే మూడు నుంచి ఆరు నెలలు ఆగి, అక్కడి చర్మాన్నే మడిచి చనుమొన చేసి, చుట్టూ ఉండే గోధుమ వర్ణాన్ని పచ్చబొట్టుతో దిద్దుతారు. చర్మం మడిచి చేసిన చనుమొన కాలక్రమంలో చదునవుతుంది కనుక, మడవకుండా నీడలతో ఉబ్బెత్తుగా కనిపించేలా పచ్చబొట్టు ఒక్కటే వేయించుకునేవారూ ఉన్నారు. ఆ రంగు కూడా కొన్నేళ్ళకు వెలిసిపోతుంది, అప్పుడు మళ్ళీ దిద్దించుకోవచ్చు.